అమ్మమ్మ విన్న ఏడుపు క్యాసెట్టు

ఆ రోజుల్లో దుబాయ్‌లో ఉన్న మాలాంటి వాళ్ళకి ఇంటి కబురు రెండు రకాలుగా వచ్చేది. మామూలు కబురైతే ఉత్తరం, అదీ పదిహేను ఇరవై రోజుల పాతది. చావు కబురైతే టెలిగ్రాం. ఎవరికో జ్వరం తగ్గలేదని ఉత్తరంలో చదివి ఇక్కడ మేము తిండి మానేసేసరికి, అక్కడ ఆ మనిషి లేచి పొలానికి వెళ్ళి వచ్చి, రెండు పూటలా శుభ్రంగా తింటూ ఉండేవాడు. అలా ఆలస్యంగా ఏడవడం, ఆలస్యంగా నవ్వడం మాకు అలవాటైపోయింది. కానీ నేను చేసిన ఘనకార్యం ఆలస్యం వల్ల జరిగింది కాదు, నా తొందర వల్ల జరిగింది. మా అమ్మమ్మ తొంభై దాటి బతికింది. ఆ తొంభై ఏళ్ళలో ఒక పదిహేడు రోజులు మాత్రం చచ్చిపోయి ఉంది. ఊళ్ళో వాళ్ళకి కాదు, దుబాయ్‌లో డేరా అనే పేటలో ఉన్న నా ఒక్కదానికే.

అమ్మమ్మ సరిగ్గా ఎప్పుడు పుట్టిందో ఆవిడకే తెలియదు. వయసెంతని అడిగితే "మీ తాత నన్ను కట్టుకొచ్చిన నాటికి ఈ కాలవ మీద వంతెన లేదు, పడవలో దింపారు" అనేది. వంతెన ఎప్పుడు కట్టారని అడిగితే "నీకెందుకే" అనేది. గోదావరి కాలవ పక్కన ఊరు మాది. మా అమ్మ నన్ను కనడానికి పుట్టింటికి వచ్చి, నా వెనకాలే ఇంకో ఇద్దరు వరసగా పుట్టుకొచ్చేసరికి నన్ను అక్కడే మరిచిపోయింది (మరిచిపోలేదు, వదిలేసింది అంటుంది అమ్మమ్మ). అందుకని నన్ను పెంచింది, కొట్టింది, జడ వేసింది అన్నీ ఆవిడే. అడ్డచుట్ట తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకునే మాట్లాడేది, తిట్టేది. ఆ నిప్పుకి ఆవిడ నాలుక ఏనాడూ కాలలేదు గానీ, ఆ తిట్లకి మేం మాత్రం కాలిపోయేవాళ్ళం. కోపం వస్తే కొట్టేది, అది ఫరవాలేదు. బాగా కోపం వస్తే మాట్లాడటం మానేసేది. మానేసిందంటే ఇక వారాలూ నెలలూ కాదు, ఏళ్ళే. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, నా ప్రాణం మీదకి వచ్చింది దీనివల్లే.

ఇరవై మూడేళ్ళ వయసులో, రెండో తరగతి చదువుతో, నేను డేరాలో ఒక అరబ్బుల ఇంట్లో వంటకీ పిల్లలకీ కుదిరి ఉన్నాను. ఆ ఇంటి యజమానురాలిని మామా అని, ఆయన్ని బాబా అని పిలవాలి, అక్కడి పద్ధతి అది. బాబాకి తల్లి ఉండేది, మక్కా వెళ్ళొచ్చిన ముసలావిడ. అందరూ హజ్జా అనేవారు. నాకొచ్చిన అరబ్బీ పది మాటలు, హిందీ ఇరవై. ఈ ముప్ఫై మాటలతోనే ఆ ఇంట్లో వండాను, వడ్డించాను, పిల్లల్ని దెబ్బలాడాను. నన్ను ఆ పనిలో కుదిర్చింది మా పక్క ఊరి నర్సక్క. అక్కడి ఆస్పత్రిలో పనిచేసేది, దగ్గర్లోని నైఫ్ పేటలో ఒక చిన్న గది తీసుకుని ఉండేది. ప్రతి శుక్రవారం చర్చికి వెళ్ళొచ్చి నాకు చేపల కూర పెట్టి, నా ఉత్తరాలు చదివిపెట్టేది.

ఒక రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో చేపలు కడుగుతుంటే బాబా చేతిలో కాగితంతో వచ్చాడు. టెలిగ్రాములు ఆయన దుకాణం పోస్టు పెట్టెకే వచ్చేవి. మామాతో ఏదో గుసగుసలాడాడు. మామా వచ్చి, చేప పొలుసుతో ఉన్న నా చేతులు రెండూ అలాగే పట్టుకుని, "యా బింతీ... తేరా జద్దా... ఖలాస్" అంది. జద్దా అంటే అమ్మమ్మ. ఖలాస్ అంటే ఏమిటో అక్కడ దిగిన మొదటి రోజే తెలుస్తుంది అందరికీ.

అంతే, నేను నేల మీద కూలబడి మొదలుపెట్టాను. మా వైపు ఏడుపంటే కళ్ళు తుడుచుకోవడం కాదు కదండీ. రాగం ఉండాలి, పోయినవాళ్ళ గొప్పలు ఒక్కొక్కటీ వరసగా రావాలి, మధ్యలో గుండె బాదుకోవాలి. "ఓ అమ్మమ్మో, చింతచిగురూ రొయ్యలూ ఎవరు వండిపెడతారే, నా తల ఎవరు దువ్వుతారే" అని నేను ఎత్తుకునేసరికి పక్క మేడల కిటికీలు తెరుచుకున్నాయి. పాపం హజ్జా వణుక్కుంటూ వచ్చి, "సబర్, సబర్, హరామ్" అంటూ నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఓర్చుకోవాలట, అలా అరిచి ఏడవడం వాళ్ళలో తప్పట. నేను ఆ చెయ్యి మెల్లిగా పక్కకి తీసి, ఎక్కడ ఆపానో అక్కడినుంచే మళ్ళీ అందుకున్నాను. మూడు రోజులు నాకు పని చెప్పలేదు వాళ్ళు. అమ్మమ్మ పేరు మీద హజ్జా స్వయంగా హల్వా కలిపించి వాకిట్లో పంచింది.

ఊరికి వెళ్ళే దారి లేదు. రెండేళ్ళ గడువు తీరితే గాని నన్ను పనికి రప్పించిన కఫీల్ దగ్గరున్న పాస్‌పోర్టు చేతికి రాదు. కబురొచ్చిన రెండో శుక్రవారం నర్సక్క గదికి వెళ్ళి, "అక్కా, పాడె మీద పడి ఏడవలేకపోయాను, కనీసం క్యాసెట్టులోనైనా ఏడుస్తాను" అన్నాను. చదువు రాని వాళ్ళందరం అప్పట్లో ఉత్తరాలకి బదులు క్యాసెట్లు మాట్లాడి పంపేవాళ్ళం. టేపురికార్డరు ఊళ్ళో మావయ్య దగ్గర ఉంది (నేనే గొప్పకి పోయి పంపాను, తరవాత దానికి అనుభవించాను). ఉమ్ అల్ క్వైన్ వైపు కట్టుబడి పని చేసే మేస్త్రి బాబాయ్ వచ్చే శుక్రవారం ఊరికి వెళ్తున్నాడు. ఆయన చేత పంపితే నెల మాసికానికి అందుతుంది, అందరూ కూర్చుని వింటారు.

నర్సక్క ఎర్ర బొత్తాం నొక్కింది. నేను ఏడ్చాను. ఒక పక్క అయిపోతే అక్క క్యాసెట్టు తిప్పి పెట్టింది, రెండో పక్కా ఏడ్చాను. అమ్మమ్మ నన్ను కొట్టిన సంగతులు వదిలేసి, పువ్వుల్లో పెట్టి పెంచినట్టు చెప్పాను. నిజంగా కూడా అప్పుడు అలాగే అనిపించింది. ఇంక కొంచెమే టేపు మిగిలిందని అక్క వేలు చూపించేసరికి నాకు ఒక పాపం గుర్తొచ్చింది. పోయినవాళ్ళ ముందు ఒప్పేసుకుంటే పోతుందేమో అనిపించింది. అంతకన్నా నిజం చెప్పాలంటే, ఇక కొట్టేవాళ్ళు లేరన్న ధైర్యం వచ్చింది.

ఆ పాపం ఏంటంటే, నాకు పదేళ్ళప్పుడు ఊళ్ళోకి పీచుమిఠాయి వాడు గంట వాయించుకుంటూ వచ్చేవాడు. పాత ఇనుమో రేకో ఇస్తే మిఠాయి ఇచ్చేవాడు. ఒకనాడు ఇంట్లో ఏమీ దొరక్క, అమ్మమ్మ తమలపాకుల పళ్ళెం పక్కనున్న వెండి సున్నపుకాయ తీసుకెళ్ళి ఇచ్చేశాను. (వాడు ఒకటికి రెండు పుల్లలు ఎందుకిచ్చాడో అప్పుడు అర్థం కాలేదు, దయగల మనిషి అనుకున్నాను.) ఆ మధ్యాహ్నం అమ్మమ్మ దగ్గర కూర్చుని తాంబూలం వేసుకెళ్ళింది చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ తోడికోడలు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, పెరడు ఒకటే. సున్నపుకాయ ఆవిడే తీసిందని అమ్మమ్మ తేల్చేసింది. చిన్నమ్మమ్మ దేవుడి పటం ముట్టుకుని ఒట్టేసింది. అయినా పెరట్లో కంచె లేచింది. పదమూడేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

"అమ్మమ్మా, పైనున్నావు కాబట్టి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, చిన్నమ్మమ్మ దొంగ కాదే, తీసింది నేనే, పీచుమిఠాయి తిన్నానే" అని చివరి రాగం తీసేసరికి టేపు టక్కుమని ఆగింది. నర్సక్క కళ్ళద్దాలు తీసి నన్ను వింతగా చూసి, "వెండిదా?" అంది. ఆ వారంలోనే క్యాసెట్టు మేస్త్రి బాబాయ్‌కి అందింది. నాకు కూడా గుండె తేలికపడింది.

ఆ పై శుక్రవారం పొద్దున్నే మావయ్య ఉత్తరం పట్టుకుని అక్క గదికి వెళ్ళాను, దినం ఎలా చేశారో రాసి ఉంటాడని. అక్క చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. "టెలిగ్రాం చూసి కంగారు పడ్డావేమో. అమ్మ బాగానే ఉంది. పెరట్లో చేపలు ఎండబెడుతుంటే కాకి తల మీద తన్నింది."

మా వైపు ఆచారం తెలియని వాళ్ళకి చెప్తాను. కాకి వచ్చి తల మీద తన్నితే ఆ మనిషికి గండం అంటారు. దానికి విరుగుడు, ఆ మనిషి పోయినట్టు ఎవరో దగ్గరివాళ్ళకి చావు కబురు పంపడం. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఏడిస్తే గండం ఆ కన్నీళ్ళతో పోతుంది. సాయంత్రానికి "ఏం లేదు, కాకి తన్నింది" అని నిజం చెప్పేస్తారు. పక్క ఊరికైతే ఇది ఒక్క పూట సంబరం. కానీ అమ్మమ్మని కాకి తన్నడం అది మూడోసారి. కబురు పంపితే చుట్టాలెవరూ ఏడవడం మానేసి, "మళ్ళీ తన్నిందా?" అని అడుగుతున్నారట. "దానికైతే తెలీదు, అదే నిజంగా ఏడుస్తుంది" అని అమ్మమ్మే నా పేరు చెప్పి టెలిగ్రాం ఇప్పించిందట.

నాకు ముందు సంతోషం వచ్చింది. అమ్మమ్మ ఉంది! అక్కని పట్టుకుని గదిలో గిర్రున తిరిగాను. రెండో చుట్టులో క్యాసెట్టు గుర్తొచ్చి అలాగే ఆగిపోయాను.

"అక్కా, మేస్త్రి బాబాయ్ ఇవాళే కదా వెళ్ళేది?"

"ఇవాళే. ఏ టైమో తెలీదు. పద పద, యల్లా!"

ఇద్దరం రోడ్డు మీద పడి, మనుషుల్ని కుక్కిన టాక్సీ ఒకటి ఎక్కి ఉమ్ అల్ క్వైన్ వెళ్ళాం. దారి పొడుగునా ఇసక, ఆ ఎండ, నా ఏడుపు. "ప్రభువా, దీని సున్నపుకాయ కోసం నా డ్యూటీ పోయేలా ఉంది" అని అక్క గొణుగుడు. కేంపులో వంటవాడు తీరిగ్గా రొట్టెలు కాలుస్తూ, "మేస్త్రి? వో తో సుబహ్ హీ ఎయిర్‌పోర్ట్ గయా" అన్నాడు, పొద్దున్నే వెళ్ళిపోయాడట. ఎయిర్‌పోర్టు ఎక్కడుంది? డేరా పక్కనే. నేను పనిచేసే ఇంటి డాబా ఎక్కితే విమానాల పొట్టలు కనిపిస్తాయి. ఇంటి పక్కన దొరికే మనిషి కోసం నేను ఎడారి దాటి వచ్చాను. మళ్ళీ పరిగెత్తి వచ్చేసరికి ఆయన విమానం ఎగిరిపోయింది.

ఇంటికి వచ్చాక మామాకీ హజ్జాకీ అమ్మమ్మ బతికే ఉందని చెప్పాలి కదా. నా ముప్ఫై మాటల్లో కాకి లేదు. చేతులు రెక్కల్లా ఆడించి, కావు కావుమని అరిచి, నా నెత్తి మీద నేనే కొట్టుకుని, "జద్దా నహీ ఖలాస్, జద్దా తమామ్" అన్నాను, తమామ్ అంటే అక్కడ బాగుందని. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు పిచ్చి పట్టిందని మామా భయపడింది. అర్థమయ్యాక హజ్జా "అల్ హమ్‌దులిల్లా" అని, అమ్మమ్మ పేరు మీద పంచిన హల్వా అందరికీ అరిగిపోయిందని ఆవిడకి చెప్పమంది.

తరవాత ఐదు వారాలు నేను అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. దెబ్బలకి భయం కాదు, మధ్యలో సముద్రం ఉంది. ఆవిడ మాట్లాడటం మానేస్తే? సున్నపుకాయకి తోడికోడలితో పదమూడేళ్ళు మానేసిన మనిషి, అబద్ధంతో పాటు దొంగతనం చేసిన మనవరాలితో ఎన్నేళ్ళు మానేస్తుంది? ఎనభై దాటిన మనిషి కదా, ఆ కోపం దిగే వరకూ ఉంటుందా? బతికి ఉందన్న సంతోషం కూడా నాకు దక్కకుండా నేనే చేసుకున్నాను అనిపించేది.

ఐదో వారం మా వైపు నుంచి వచ్చిన ఒకావిడ క్యాసెట్టు తెచ్చి ఇచ్చింది. అక్క గదిలో తలుపు వేసుకుని పెట్టాం. ముందు దగ్గు వినిపించింది, చుట్ట దగ్గు. ఆ దగ్గుకే నాకు కళ్ళు నిండాయి.

"ఒరేయ్, ఇది తిరుగుతోందా? ఆఁ. ఏమేవ్, నీ ఏడుపు విన్నాను. మొదటి పక్క బాగుంది. రొయ్యల సంగతి బాగా చెప్పావు. వీధంతా వచ్చి విన్నారు, మూడు మాట్లు వేయించాను. మునసబు గారి పెళ్ళానికి కుళ్ళు, దానికి అలా ఏడ్చేవాళ్ళు లేరు. రెండో పక్క... దాని సంగతి నువ్వొచ్చాక మాట్లాడతాను, కొత్త చీపురు కొనిపెట్టాను. ఆ టేపు పెట్టె చంకలో పెట్టుకుని కంచె అవతల దానింటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలీక బొత్తాం నొక్కి కూర్చున్నాను. విన్నది. విని ఏమందో దాన్నే చెప్పుకోమను, నాకెందుకు."

నర్సక్క నా వీపు మీద చరిచింది. మాట్లాడింది! నాతో మాట్లాడింది! ఆ సంతోషం అయిందో లేదో రెండో గొంతు వచ్చింది. పదమూడేళ్ళుగా కంచె అవతలి నుంచే విన్న గొంతు.

"ఏమే. ఆ పీచుమిఠాయన్నా బాగుందా?" టేపులో ఆకు నమిలిన చప్పుడు. "మీ అమ్మమ్మకి రెండు పక్కలా ఏడ్చావు. అందులో నా పేరు ఒక్కసారి వచ్చింది, పక్కనే దొంగ అన్న మాట వచ్చింది. నాకు నీ వెండీ వద్దు, బంగారం వద్దు. నాకూ ఒక క్యాసెట్టు ఏడిచి పంపు. నేను పోయాక కాదు, ఇప్పుడే. విన్నాక చూస్తాను నీతో మాట్లాడాలో వద్దో."

"దీనికి ఒక పక్క చాలు," వెనకనుంచి అమ్మమ్మ.

"నీకు రెండు పక్కలూ, నాకు ఒకటా?"

"నేను పెంచానే దాన్ని."

"పెంచావు, చూశాంగా పెంపకం!"

టేపు అయిపోయే వరకూ ఇద్దరూ అలా పోట్లాడుకుంటూనే ఉన్నారు. పదమూడేళ్ళ బాకీ అంతా ఆ పది నిమిషాల్లో లాగేశారు.

ఏడవడంలో నా అంతది లేదని అనుకునేదాన్ని కదా, ఇదొక పనా అని ఆ శుక్రవారమే కూర్చున్నాను. "ఓ చిన్నమ్మమ్మో" అని ఎత్తుకున్నాను. బతికున్న మనిషి, పైగా ఆకు నములుతూ తప్పులు వెతకడానికి సిద్ధంగా కూర్చున్న మనిషి కళ్ళ ముందు కనిపించి ఫక్కున నవ్వొచ్చింది. చెరిపేశాం. ఉల్లిపాయ కోశాం, కళ్ళు మండాయి గానీ గొంతు ఏడవలేదు. అక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది, "అబ్బా" అని టేపులో పడింది. "ఆస్పత్రి నుంచి సూది తెచ్చి పొడవనా?" అంది. అలా మూడు శుక్రవారాలు. అంతకుముందు అమ్మమ్మ కోసం ఏడ్చిందంతా నిజమా, లేకపోతే వీధిలో వాళ్ళకి వినిపించడానికి ఏడ్చానా అని నాకే అనుమానం వచ్చింది.

నాలుగో శుక్రవారం అక్క డ్యూటీకి పోయింది. మధ్యాహ్నం ఒక్కదాన్నే మెషీను ముందు కూర్చున్నాను. రాగం తీయలేదు. ఊరికే మాట్లాడాను. చిన్నమ్మమ్మా, నాకు పద్నాలుగేళ్ళప్పుడు మన ఇళ్ళల్లో పెళ్ళికి నువ్వొచ్చావు, పందిట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నావు, గుర్తుందా అన్నాను. నువ్వు కూర్చోగానే ఒకావిడ తన తమలపాకుల పెట్టె ఇటు జరుపుకుంది. ఇంకొకావిడ చేతిసంచి ఒళ్ళోకి తీసుకుంది. నువ్వు చూశావు, చూడనట్టు పందిరి వైపు చూస్తూ కూర్చున్నావు. నా పక్కన నా గాజుల పెట్టె ఉంది. అందరూ జరుపుతున్నారని నేను కూడా జరిపాను చిన్నమ్మమ్మా. తీసింది నేనే అని నాకు తెలుసు. తెలిసీ జరిపాను.

ఆ తరవాత ఇంకేం చెప్పానో గుర్తు లేదు. అప్పుడొచ్చిన ఏడుపుకి రాగం లేదు, పైకి వినిపించిందో లేదో కూడా తెలియదు. క్యాసెట్టు సగం ఖాళీగానే తిరిగింది. అలాగే పంపేశాను.

దానికి జవాబు క్యాసెట్టు రాలేదు. నెల తరవాత మావయ్య ఉత్తరం వచ్చింది. చిన్నమ్మమ్మ ఎవరినీ పిలవకుండా, తలుపు చేరవేసుకుని ఒక్కతే విన్నదట. ఏం విన్నావని అమ్మమ్మ ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదట. క్యాసెట్టు అడిగితే ఇవ్వలేదట, బియ్యం డబ్బాలో దాచుకుందట. "దానికి ఏడవడం రాదు, అయినా ఫరవాలేదు" అని మాత్రం అన్నదట. మర్నాడు పొద్దున్న మా అరుగు మీదకి వచ్చి కూర్చుని, ఆకు చేతిలో పట్టుకుని అమ్మమ్మని సున్నం అడిగిందట.

మరుసటి ఏడు సెలవు మీద వెళ్తే అమ్మమ్మ మాట నిలబెట్టుకుంది, వాకిట్లోనే చీపురుతో రెండు దెబ్బలు వేసింది. మూడోది వెయ్యబోతే చిన్నమ్మమ్మ చెయ్యి పట్టుకుని, "అది నా వాటా" అని చీపురు లాక్కుని పక్కన పారేసింది. తరవాత ఇద్దరూ పదేళ్ళు పైగానే ఉన్నారు, అందులో సగం రోజులు పోట్లాడుకుంటూ, సగం రోజులు ఒకే చాప మీద కూర్చుని నన్ను తిట్టుకుంటూ. అమ్మమ్మ ముందు పోయింది, రెండేళ్ళకి చిన్నమ్మమ్మ. రెండు సార్లూ నేను దుబాయ్‌లోనే ఉన్నాను. రెండు సార్లూ కొత్తగా ఏం చెప్పి ఏడవాలో తెలియలేదు, చెప్పాల్సినవన్నీ వాళ్ళు ముందే వినేశారు. ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు నేనూ ముసలిదాన్నయ్యాను. నా మనవలు ఫోన్‌లో ముఖం చూస్తూ మాట్లాడతారు, అబద్ధం చెప్పినా కళ్ళల్లోనే తెలిసిపోతుంది, పాపం. అప్పుడప్పుడు నైఫ్ గదిలో ఉల్లిపాయ ముక్కలు ముందు పెట్టుకుని, ఎర్ర బొత్తాం మీద వేలు పెట్టి, ఏడుపు రావట్లేదని కంగారు పడుతున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత పొగరో దానికి, లోకంలో తనకన్నా బాగా ఏడ్చేవాళ్ళు లేరనుకునేది! దగ్గరికి పిలిచి, ముక్కు తుడిచి, ఇంత అన్నం పెట్టి పడుకోబెట్టాలనిపిస్తుంది.